విత్తనాల పాట కోసం వచ్చే జీపు

కొత్తపేట హాస్టల్,
ఆదివారం

దాదాకు నీ చెల్లెలి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అవ్వ కూడా బాగున్నారని తలుస్తాను. ‘అన్నయ్యా’ అని రాస్తే ఎవరి అన్నకో రాస్తున్నట్టుంది. అందుకే తెలుగు అక్షరాల్లో మన కోయ పిలుపే రాశాను.

ఇక్కడ ఎటు చూసినా నీళ్లు, కొబ్బరి చెట్లు. కొండ ఒక్కటీ లేదు, చూపు ఎక్కడా ఆగదు. అన్నం బాగానే పెడుతున్నారు, తింటున్నాను, బెంగపడకండి. క్లాసులో అందరూ మర్యాదగానే ఉంటారు. కానీ పొద్దున లేచింది మొదలు ఒక్క కోయ మాట వినబడదు, శుక్రవారం సాయంత్రం తప్ప. ఆ రోజు వంట చేసే సత్యవతి గారి రేడియోలో సర్కారు వారి కోయ కార్యక్రమం అరగంట వస్తుంది. సగం గరగరే. అయినా పొయ్యి పక్కన కూర్చుని వింటాను.

“ఏంటమ్మాయ్, నీలో నువ్వే నవ్వేసుకుంటున్నావ్? మాకూ చెప్తే మేమూ నవ్వుతాం కదా,” అన్నారావిడ ఆ మధ్య.

“మేక తప్పిపోయిన కథండి.”

“దానికే అంత నవ్వా?”

“తెలుగులో చెప్తే నవ్వు రావట్లేదండి.”

ఆవిడ నవ్వి, చేతిలో ఒక పూతరేకు పెట్టారు.

ఆ కార్యక్రమం విన్న సంతోషంలోనే, మా అవ్వ విత్తనాల పాట బాగా పాడుతుందని రేడియో స్టేషన్‌కి రాశాను. జీపులో టేప్ రికార్డరు వేసుకుని మన ఊరు వస్తామని జవాబిచ్చారు. ఈ కార్యక్రమానికి సర్కారు ఇచ్చిన డబ్బు మార్చి దాటితే మురిగిపోతుందట, ఈలోపే రావాలట. వెంటనే అవ్వ చేత పాడించమని నీకు రాసేశాను. మన విత్తనాల పండుగ ఎండాకాలం చివర కదా, అంతకుముందు ఆ పాట నోట రాకూడదు కదా అన్నది నాకు తట్టనే లేదు.

“మనవరాలు అడిగింది, కాదనలేను. పాడితే ఊరికి కీడు,” అని అవ్వ దిగులుపడుతోందని రాశావు. దాదా, అవ్వను పాడనివ్వకు. పండుగకు రమ్మని స్టేషన్ వారికి మళ్లీ రాశాను. అప్పటికి డబ్బు ఉంటుందో లేదో చెప్పలేమన్నారు. ఈసారికి పాట లేకపోయినా అవ్వ మాటలైనా చాలన్నారు.

వీలైతే వదిననడిగి కాస్త జొన్నపిండి పంపు. వదినకు, ఊళ్లో పెద్దలకు నా దండాలు చెప్పు. పరీక్షలు బాగా రాయాలని అందరూ దీవించండి.

జీపు వచ్చినప్పుడు అవ్వను మైకు ముందు కూర్చోబెట్టి నన్ను తిట్టమను. అడగకుండా జీపును పిలిచినందుకో, తలకు నూనె రాసుకోనందుకో, ఏదో ఒకదానికి. తిట్టడానికి పండుగ రానక్కర్లేదు కదా. ఎంతసేపు తిడితే అంతసేపూ పొయ్యి పక్కన కూర్చుని వింటాను.

నీ చెల్లెలు
ముత్తమ్మ