సముద్రానికి ఎన్ని ట్యూబులు

చెల్లె శ్రీలతా,

ఫోన్ల అడిగితే వద్దంటవని రాస్తున్న. ఎండ తగిలితే ముఖమంత దద్దులొస్తున్నయని కోదాడల తలుపులేసుకొని కూసున్నవ్. "నాకు ఎండ ఇగ ఖతం అక్కా" అన్నవ్. ఆ మాటకు నాకు నిద్ర పట్టలే. సూర్యాపేట పోయి, నిన్ను సముద్రానికి తీస్కపోవచ్చా అని నీ డాక్టరమ్మనే అడిగిన.

"సన్‌స్క్రీన్ మందంగ పూసి పొద్దుగూకే యాల్ల తీస్కపో, ఏం కాదు" అన్నది.

"రెండు రోజులకు ఎంత పడ్తది మేడం?"

"ఇద్దరికి రెండు ట్యూబులు సాలు."

నాటేస్తుంటే మడిల నీళ్లు కదిలినా నాకు బాపట్ల సముద్రమే అనిపిస్తున్నది. అలల్ల నువ్వు చీర కుచ్చిళ్లు పట్టుకొని నవ్వుకుంట నిలబడ్డట్టు కనిపిస్తున్నవ్.

శనివారం మిర్యాలగూడ స్టేషన్ల ఉంట, రా. ట్యూబులు మూడు కొన్న. ఇంకో రోజు ఉందామంటవేమో అని.

నీ అక్క
త్రిపురారం