మామయ్యకి ఎర్ర సిగ్నల్

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య దీవెనలు. ఫోన్ చేస్తే మీ అత్త వింటుంది, అందుకే ఉత్తరం. మొన్న మీ అత్తని పిలవబోయి కుక్క పేరు పెట్టి పిలిచాను. కుక్క వచ్చింది. అత్త రాలేదు, కాఫీ అసలే రాలేదు. మతి పోతోందేమోనని బెంగ పట్టుకుంది. మీ ల్యాబ్‌లో పరిశోధనకని నా వెన్నులోంచి నీరు తీశారుగా, ఏం తేలిందో నాకొక్కడికే చెప్పు.
ఇట్లు,
ఇంకా సంతకం మర్చిపోని మామయ్య
తా.క. అందులో బంగారం కలుపుతారటగా. మిగిలింది ఎవరు పట్టుకెళ్తారు?

మామయ్యకి నమస్కారాలు.
ఫలితాలు బయటికి చెప్పకూడదు, మీరు కాబట్టి చెప్తున్నాను. మతిమరుపు జబ్బుల్లో మెదడులో ప్రొటీన్లు ఉండకడతాయి. కంటికి ఆనని బంగారు నలుసులు కలిపితే ఆ సంగతి రంగులో తెలుస్తుంది. మీది ఎరుపు.
ఇట్లు,
ఉద్యోగం ఊడితే మీ ఇంట్లోనే దిగే మేనకోడలు
తా.క. మిగిలిన బంగారం దోమ నోట్లో పన్ను కట్టించడానిక్కూడా చాలదు.

అమ్మాయీ,
జీవితమంతా రైల్వే సిగ్నల్ దగ్గర పనిచేసినవాడికి ఎరుపంటే ఏమిటో వేరే చెప్పాలా? మీ అత్తకి చెప్పేశాను. చేతుల్లో మొహం దాచుకుంది. మర్నాటి నుంచి అడక్కుండానే కాఫీ వస్తోంది. పైగా "ఎలాగూ మర్చిపోతారుగా" అంటూ రోజుకో నిజం చెప్తోంది. నా హార్మోనియం దొంగలెత్తుకెళ్లలేదట. పట్టుకుపొమ్మని పాత సామాన్లవాణ్ణి ఈవిడే బతిమాలిందట. నేను పాట ఎత్తుకోగానే పక్కింటివాళ్లు కిటికీలు మూసేది దోమలకి కాదట.
ఇట్లు,
ఆగిపోయే బండి
తా.క. ఇవన్నీ మర్చిపోదామని చూస్తున్నాను, ఒక్కటీ పోవడం లేదు. ఇదేం జబ్బు?

మామయ్యా,
తప్పు నాదే. రంగు చెప్పాను, అర్థం చెప్పలేదు. నలుసులు విడివిడిగా ఉంటే నీళ్లు ఎర్రగా ఉంటాయి. ప్రొటీన్లు ఉండకడితే నలుసులూ గుంపుకట్టి నీలంగా మారతాయి. మా దగ్గర ఎరుపంటే బండి పోవచ్చని. మీ నీళ్లలో ఉండల జాడే లేదు.
ఇట్లు,
తలదించుకున్న మేనకోడలు
తా.క. కుక్క పేరు ఎందుకొచ్చిందో మా పరీక్షలో తేలదు.

బంగారు తల్లీ,
బతికించావు. అత్తకి మాత్రం చెప్పకు. కాఫీ ఆగిపోతుంది.
ఇట్లు,
కదిలిన బండి
తా.క. సంగీతం జ్ఞాపకశక్తికి మంచిదని చెప్పి కొత్త హార్మోనియం కొనిపించుకుంటాను. నువ్వూ ఒక మాట సాయం చెయ్యి.

మామయ్యా,
అత్త దగ్గర దాచడానికి ఆలస్యమైంది. మీరు చెప్పిన రోజే అత్త నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "నన్నే మర్చిపోతారేమోనే" అంది. ఎరుపంటే మంచిదని చెప్పాక కడుపుబ్బ నవ్వింది. ఇన్నేళ్లూ మీ మొహం మీద చెప్పలేనివన్నీ చెప్పేదాకా ఆ సంగతి మీకు రాయొద్దంది. మీ బెంగ చూడలేక నేనే ఆగలేకపోయాను. మీరు మర్చిపోయినట్టు నటిస్తే, తనూ నమ్మినట్టు నటిస్తుందట. కాఫీకి ఢోకా లేదు.
ఇట్లు,
ఇద్దరి మధ్యా నలిగిన మేనకోడలు
తా.క. హార్మోనియం సంగతీ అత్తకి చెప్పాను. అది ఇంట్లోకొస్తే, ఈసారి నీలం వచ్చిందని రాయమంది.