నేనూ, రాకెట్టూ, నలభై రెండు కిలోమీటర్లూ

జూన్ 1, సోమవారం. తెల్లవారుజామున 4:45

లేచాను! అలారం కంటే ముందే! (నిజానికి గొర్రెల అరుపులకు. అయినా లేవడం లేవడమే.)

నిర్ణయం: ఆగస్టు 30న హైదరాబాద్‌లో మారథాన్. నలభై రెండు కిలోమీటర్లు. పేరు ఇచ్చేశాను. వెనక్కి తగ్గేది లేదు.

నియమాలు: రోజూ ఐదింటికి పరుగు. మిరపకాయ బజ్జీ బంద్. సినిమా నెలకు ఒకటి. క్రికెట్ ఆదివారం మాత్రమే.

ఎందుకంటే ఊళ్లో నా పేరు సగం సంతోష్. తొమ్మిదో తరగతి సగంలో మానేశాను. మొబైల్ రిపేరు సగం నేర్చుకున్నాను. కబడ్డీ టీమ్‌లో సగం సీజన్ ఆడాను. మా ఇంటి గేటుకు రంగు కూడా సగమే ఉంది, అదీ నేను వేసిందే. ఒక్కటి, ఒకే ఒక్కటి చివరిదాకా చేసి చూపిస్తే ఆ పేరు పోతుంది.

6:10. చివ్వెంల రోడ్డు దాకా వెళ్లొచ్చాను. ఆగింది రెండుసార్లే. ఒకసారి బూటు లేసు కోసం. ఒకసారి ఊపిరి కోసం.

జూన్ 4, గురువారం

ఈరోజు తోడు దొరికింది. మా మందలో పెద్ద పొట్టేలు, రాకెట్. పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది నేనే. అందుకే నేనెటు పోతే అటు వస్తాడు. ఈరోజు మాత్రం వాడు ముందు, నేను వెనుక.

మా నాయిన కాటయ్య గేటు దగ్గర నిలబడి చూశాడు.

"ఏందిరా, పొట్టేలును నువ్వు తోలుతున్నవా, నిన్నది తోలుతున్నదా?"

ఉరుకుతూనే చెయ్యి ఊపాను.

జూన్ 10, బుధవారం

ఘోరం!

నేను సూర్యాపేటలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో పని చేస్తాను. కటింగ్, రింగులు కొట్టడం, స్తంభాలెక్కి కట్టడం నావి. డిజైన్ కృపాకర్‌ది. నిన్న నోరు జారి వాడికి మారథాన్ సంగతి చెప్పాను.

"అన్నా, గింత పెద్ద పని పెట్టుకున్నవ్, ఫ్లెక్సీ లేకుంటె ఎట్ల?"

"ఉరికినంక ఏద్దాంరా."

"అప్పటికి ఎవలకు యాదికుంటది?"

పొద్దున చూస్తే మా ఊరి బస్టాపులో నేను! నల్ల కళ్లద్దాలు, పక్కన సింహం. కింద రెండు వరుసల్లో మొహాలు, అందులో ముగ్గురెవరో నాకే తెలియదు. పైన ఎర్ర అక్షరాల్లో: 'మారథాన్‌ను విజయవంతంగా పూర్తి చేసిన మా సంతోష్ అన్నకు శుభాకాంక్షలు.'

పూర్తి చేసిన?!

కృపాకర్‌కు ఫోన్ చేశాను.

"టెన్త్ పాసైన పిల్లల ఫైల్ మీద పేరు మార్చిన అన్నా. ఆ లైన్ సూస్కోలె."

"ఇప్పుడే తీసెయ్‌రా!"

"ఎట్ల తీస్త? సర్పంచ్ ఫోటో ఉన్నది. తీస్తె ఫీలైతడు."

సాయంత్రం. ఇంకా ఘోరం. ఇంటికొచ్చేసరికి రాకెట్ నుదుట పసుపు. మెడలో కొత్త గంట.

"కండక్టర్‌తోని సదివిచ్చుకున్న బిడ్డా. పూర్తి చేసినవంట!" అమ్మ కళ్లలో నీళ్లు. "నువ్వు బడి ఇడిసిననాడే పెద్దగట్టు మీద చౌడమ్మకు మొక్కిన. నా కొడుకు పట్టిన పని ఒక్కటన్న కడదాక ఒడగొడితె, మందల పెద్ద పొట్టేలును ఇస్తనని."

"ఇంకా పూర్తి కాలేదమ్మా! ఇప్పుడే మొదలైంది!"

"ఔనా?" పసుపు చెయ్యి చీరకు తుడుచుకుంది. "సరె తీ. ఉరికి వచ్చినంకనే ఇద్దం."

"ఇంకో పొట్టేలును ఇద్దామే."

"పసుపు పెట్టినంక మార్చుడు ఉంటదారా? అమ్మవారికి లెక్క తెల్వదా?"

రాకెట్ గంట ఊపుకుంటూ వచ్చి నా జేబులో బిస్కెట్ కోసం వెతికాడు.

జూన్ 17, బుధవారం

పరుగు లేదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్. ఆటలన్నీ అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా. సరిగ్గా నా పరుగు వేళకే! వాళ్లు తొంభై నిమిషాలు ఆగకుండా పరిగెత్తుతారు. శ్రద్ధగా చూడటం కూడా శిక్షణే.

జూన్ 21, ఆదివారం. కోదాడ

కృపాకర్ టీమ్‌లో ఒకడు తక్కువయ్యాడు. టోర్నమెంటు. వెళ్లక తప్పుతుందా?

రనౌట్ అయ్యాను. రెండో పరుగుకు వెళ్తే వికెట్ల దాకా కాళ్లు రాలేదు. మైకులో కామెంటేటర్ వదల్లేదు:

"ఏవండీ బ్యాటరు గారూ, వికెట్టు మీ దగ్గరికి రాదండీ, మీరే రావాలండీ! ఈయన మారథాన్ పూర్తి చేశారంటండీ! నడిచి చేశారేమో కనుక్కోండి!"

ఫ్లెక్సీ సంగతి కోదాడ దాకా పాకింది. కృపాకర్ వాట్సాప్ స్టేటస్ పెట్టాడట.

జూలై 5, ఆదివారం. మిర్యాలగూడ

రైస్ మిల్లు ఓపెనింగ్‌కు ఫ్లెక్సీ కట్టడానికి వచ్చాం. పని పదకొండుకే ఖతం. ఎదురుగా థియేటర్. మ్యాట్నీ. తర్వాత బిర్యానీ. తర్వాత ఫస్ట్ షో.

నియమం తప్పలేదు. జూలై, ఆగస్టు నెలల సినిమాలు ఒకేరోజు చూసేశాను. ఇక రెండు నెలలు పూర్తిగా పరుగే.

బజ్జీలు తిన్నాను. కానీ అవి ఆలు బజ్జీలు.

జూలై 20, సోమవారం

వాన. పరుగు లేదు. (నిన్న వాన లేదు. నిన్న కూడా పరుగు లేదు.)

బస్టాపులో కిరాణా గౌరయ్య పట్టుకున్నాడు.

"ఏం సగం సంతోషూ, నెలన్నర అయితుంది సింహం పక్కకు నిలవడి. పొట్టేలు కూర ఎప్పుడు?"

"వచ్చే నెల, బాపూ."

"కార్జం జర నా దిక్కు ఎక్కువెయ్యమను మీ అమ్మను."

ఊరంతా ఇదే. నేను గెలవాలని ఇంతమంది కోరుకోవడం నా జీవితంలో మొదటిసారి. అందరూ రాకెట్ తొడల వైపు చూస్తూ కోరుకుంటున్నారు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆలోచించాను. పరుగు పూర్తి చేస్తే రాకెట్ పోతాడు. చేయకపోతే నేను చచ్చేదాకా సగం సంతోష్‌నే.

తలనొప్పి వచ్చింది. పడుకున్నాను.

ఆగస్టు 2, ఆదివారం

5:00. మంచం కదిలింది. భూకంపం అనుకున్నాను. రాకెట్! తాడు తెంపుకుని వచ్చి మంచం కోడును కొమ్ములతో పొడుస్తున్నాడు. పరుగుకు రమ్మని.

వెళ్లాను. ఏం చేస్తాను?

ఆగస్టు 16, ఆదివారం

రెండు వారాలుగా రోజూ పొడుస్తున్నాడు. రోజూ వెళ్తున్నాను. ఈరోజు ఇరవై కిలోమీటర్లు! వాడు గడ్డి కోసం ఆగినప్పుడే నేనూ ఆగాను. గంట మోగుతుంటే దాని వెనకాలే కాళ్లు పడిపోతున్నాయి.

నన్ను పుట్టినప్పటి నుంచి ఎవరూ ఇంతగా పరిగెత్తించలేదు. బడిలో పీఈటీ సార్ వల్ల కాలేదు. నాయిన కట్టె వల్ల కాలేదు. వీడి వల్ల అయింది.

పిచ్చోడా. ఎందుకురా లేపుతావు నన్ను?

ఆగస్టు 29, శనివారం

హైదరాబాద్ బస్సు. అమ్మ సద్ది కట్టింది. పొద్దున్నే రాకెట్‌కు స్నానం చేయించి, మళ్లీ పసుపు పెట్టింది. పెడుతున్నప్పుడు వాడి మొహం వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

నాయిన ఒకే మాట అన్నాడు: "ఉరుకు. సచ్చెటట్టు మాత్రం ఉరకకు."

ఆగస్టు 30, ఆదివారం

(సాయంత్రం బస్సులో రాస్తున్నాను. కుదుపులకు అక్షరాలు వంకర.)

5 కి.మీ.: గాల్లో ఉన్నాను!

15: రోడ్డు పక్క జనం చప్పట్లు. నాకే!

21: సగం. ఇక్కడే ఆగిపోతానని ఊరంతా అనుకుంటుంది. ఆగలేదు!!

28: పిక్కలు రాయి.

34: ఒక తల్లి, చంకలో బిడ్డ. బిడ్డ చేతిలో ఆడుకునే గంట. వచ్చేవాళ్లందరికీ వాయిస్తోంది. గణగణ. గణగణ.

నా కాళ్లు ఆగాయి.

వెనక పడినవాళ్లను ఎక్కించుకునే బస్సు పక్కకొచ్చింది. వాలంటీరు తల బయటపెట్టాడు.

"ఎక్కుతవా అన్నా? ఇంక టైమున్నది. నడిసినా అయిపోతది."

నడిస్తే అయిపోతుంది. నాకు తెలుసు. ఎనిమిది కిలోమీటర్లు, మా ఇంటి నుంచి సూర్యాపేట అంత కూడా కాదు.

"కాలు నొస్తుంది తమ్మీ," అన్నాను.

ఎక్కాను. అరటిపండు ఇచ్చారు.

కాలు నిజంగానే నొచ్చింది. రాసి పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 31, సోమవారం

నిన్న రాత్రి ఇల్లు చేరేసరికి అమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"ఒడగొట్టినవా బిడ్డా?"

"లేదమ్మా. ముప్పై నాలుగు దాకా ఉరికిన. ఇంక ఎనిమిది ఉండంగ ఆగిన."

 అమ్మ కొంగు ముడి విప్పి బెల్లం ముక్క తీసింది. నాకనుకుని చెయ్యి చాపాను. రాకెట్ నోట్లో పెట్టింది.

"మొక్కు ఏడికి పోతది? అమ్మవారికి తొందర లేదు," అంది. "నువ్వు కాళ్లు కడుక్కొని తిను."

పొద్దున చూస్తే నాయిన గొర్రెల కొట్టం ఎక్కి ఉన్నాడు. బస్టాపు ఫ్లెక్సీ తెచ్చి కొట్టం మీద కప్పుతున్నాడు. వానకు కారుతోందట.

"నాయినా, సర్పంచ్ ఫీలైతడు!"

"బొమ్మల దిక్కు లోపలికి ఏసిన. తడువడు."

లోపలికి వెళ్లి చూశాను. పైన నేను, సింహం, రెండు వరుసల మొహాలు. కింద రాకెట్, నెమరేస్తూ.

సెప్టెంబర్ 7, సోమవారం. తెల్లవారుజామున 4:50

లేచాను! అలారం కంటే ముందే! (రాకెట్ పొడిచాడు.)

వారం రోజులు కూర భాగం పోయిందని గౌరయ్య నాతో మాట్లాడలేదు. నిన్న బస్టాపులో మాట్లాడాడు: "ఏం ముప్పావు సంతోషూ, మల్ల ఎప్పుడు ఉరుకుతున్నవ్?" ముప్పావు! పావు పెరిగాను.

నిర్ణయం: వచ్చే ఏడు మళ్లీ మారథాన్.

నియమాలు: రోజూ ఐదింటికి పరుగు. బజ్జీలు బంద్, ఆలువి కూడా. సినిమా నెలకు ఒకటి. ఈసారి నలభై ఒకటి దాకా ఉరుకుతాను. ఆపైన తలకిందులైనా ఒక్క అడుగు వేయను.

గంట మోగుతోంది. గేటు దాకా వెళ్లిపోయాడు. ఇక ఆగడు.