ఎండిన దండ మీద నీళ్లు

మంగళవారం, రాత్రి

ఇవాళ కూడా అత్తమ్మ ఎండిన బంతిపూల దండ మీద నీళ్లు చల్లింది. కిషన్‌బాగ్‌లో పూల దుకాణం మానేసే ముందు ఆమె తన చేత్తో కట్టిన ఆఖరి దండ అది. గోడకు వేలాడదీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతూ కాపాడుకొస్తున్నాను. తడిస్తే బూజు పడుతుంది.

"నీళ్లు చల్లొద్దన్న గదా అత్తమ్మా!" అని అరిచాను.

"వాడిపోతున్నయ్ బిడ్డా, గిట్లుంటే గిరాకీ ఎట్లొస్తది?" అంది. తర్వాత ముడిని తడిమి చూసి, "గిది ఎవరు కట్టిండ్రే? చెయ్యి తిరిగినోళ్లే" అంది.

దండను గోడ మీంచి దించాను. మా ఆయనకు ఈ సంగతి ఎట్లా చెప్పాలి?

దండను ఫ్యాను కింద ఆరేశాను. ఆరిందా అని మాటిమాటికీ లేస్తున్నాను. లేచినప్పుడల్లా అత్తమ్మ మంచం దాకా వెళ్లి వస్తున్నాను. నిద్రలో ఆమె వేళ్లు దారం లేకుండానే ముడులు వేస్తున్నాయి.