ఎడమ చేతి తలుపు

మా ఇంటి ఎడమచేతి దొరసాని గారికి,

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనూ, వంటింటి గోడ మీది బల్లీ. అది నాకంటే నయం, వేళకి తింటోంది. నువ్వు ఎలా ఉన్నావో ఈసారైనా సరిగ్గా రాయి. పోయిన ఉత్తరంలో నా గురించి పేజీ నిండా ప్రశ్నలు వేసి, నీ గురించి "బాగానే ఉన్నాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టేశావు. ఆసుపత్రిలో రోగులు అలా చెబితే ఊరుకుంటావా?

నీ ఉత్తరం ఎప్పటిలాగే సగం సిరా అలుక్కుపోయి వచ్చింది. ఎడమ చేత్తో రాస్తూ, రాసినదాని మీదే చెయ్యి జరుపుకుంటూ పోతావు కదా! ఒకచోట ఏం రాశావో బొత్తిగా తెలియక అద్దాల కొట్టు ఒక్కగీతకి చూపించాను. అద్దం మీద వజ్రపు మొన ఒక్కసారి లాగడమే తప్ప రెండో గీత గియ్యడని ఆయనకి మనమే పెట్టిన పేరు, గుర్తుందిగా. ఆయన కాగితం తిప్పి ఇచ్చేసి, "పెళ్ళాం రాసిన ఉత్తరం ఊరంతా చూపిస్తావేంటయ్యా, సిగ్గులేకపోతే సరి!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఈ వారంలో నేను నవ్వింది అదొక్కసారే.

నీ ప్రశ్నలకి జవాబులు. దగ్గు తగ్గింది. నువ్వు కుట్టి పంపిన గుడ్డ ముక్కుకి కట్టుకునే చిత్రిక పడుతున్నాను. అన్నం వండుకుంటున్నాను, అడుగంటడం మానేసింది. కిటికీలో మొక్క బతికే ఉంది. ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అని అడిగావు. మొన్న రేడియోలో వార్తలు చదివే ఆవిడ "ఇంతటితో వార్తలు సమాప్తం" అంటే "సరేనమ్మా, మంచిది" అన్నాను. అదీ ఇక్కడ సంగతి. ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "తిన్నారా?" అంటావు, నేను "ఆఁ" అంటాను. ఇంకో మాట వెతుక్కునేలోపు నీ డ్యూటీ గంట మోగుతుంది.

ఇక లైబ్రరీ తలుపులు. "పన్నెండు బీరువాలకీ అద్దాల తలుపులు పెట్టేదాకా కదల్లేను, అవి అవగానే వచ్చేస్తా" అని నిన్ను అక్కడ దింపి వస్తూ మాటిచ్చాను. చెక్క మంచిది దొరికింది. నిలువు చెక్కలు, అడ్డ చెక్కలు కోసి, కూసాలు బెజ్జాల్లోకి దిగ్గొట్టి, ప్రతి చట్రానికీ ఈ మూల నుంచి ఆ మూలకి దారం పట్టి చూశాను. రెండు మూలల కొలతా ఒకటైతేనే చట్రం నిలబడ్డట్టు. అద్దాన్ని మాత్రం బిగించి కూర్చోబెట్టలేదు, చుట్టూ నూలంత సందు వదిలాను. వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు ఆ సందు లేకపోతే అద్దం ఫట్‌మంటుంది. వెనక నుంచి సన్నని బీడింగు పుల్లలు, చిన్న మేకులు. ఎప్పుడైనా అద్దం పగిలినా తలుపు చెక్కు చెదరకుండా మార్చుకోవచ్చు. లైబ్రరీ మేడమ్ ప్రతి తలుపూ తెరిచి మూసి, "చప్పుడే లేదండీ!" అని మురిసిపోయింది.

అవును. తెరిచి మూసింది. ఇప్పుడు నీ చివరి ప్రశ్నకి వచ్చాను. "నిజంగా అద్దాలు ఇంకా రాలేదా?" అని అడిగి, దాని కింద గీత కూడా గీశావు. అద్దాలు ఎప్పుడో వచ్చాయి. తలుపులు బిగించి వచ్చే శనివారానికి ఏడు వారాలు. ముందు రాసిన రెండు ఉత్తరాల్లోనూ నీకు అబద్ధం రాశాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఎందుకు రాలేదో చెబుతాను, తిట్టుకోకుండా చదువు. నిన్ను అక్కడ క్వార్టర్సులో దింపడానికి వచ్చిన రోజు, గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపాడు. "ఎవరండీ మీరు?" నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి ఆయా అరిచింది: "ఆయన్ని పోనియ్యవయ్యా, కొత్త సిస్టరమ్మ గారి మొగుడు!" వాచ్‌మన్ దారిచ్చాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఇక్కడ మన వీధి మొదట్లో నిలబడి వడ్రంగి గారిల్లేది అంటే ఎవరైనా చూపిస్తారు. అక్కడ నేనెవర్ని? నీకు బదిలీ కాగితం వచ్చిన రోజు "నీ వెనకాల సంచీ మోసుకుంటూ తిరగమంటావా?" అని నేనన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. నువ్వు ఆ రోజు చీరలు మడతపెట్టుకుంటూ కూర్చున్నావు. పోట్లాడి ఉంటే బాగుండేది.

ఆఖరి తలుపు బిగించే రోజు మధ్యాహ్నమే అప్పటి నీ ఉత్తరం వచ్చింది. చదివి జేబులో పెట్టుకుని పనిలో పడ్డాను. సాయంత్రం మేడమ్ వచ్చి, "ఏమండీ, ఈ ఒక్కటీ అటువైపు తెరుచుకుంటోందేంటి?" అంది. చూస్తే నిజమే. పదకొండు తలుపులకీ ఎడమ పక్కన మడత బందులు, కుడి పక్కన పిడి. పన్నెండోదానికి తారుమారుగా బిగించేశాను. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి పొరపాటు చెయ్యలేదు! "పరధ్యానం మేడమ్, ఇప్పుడే మారుస్తా" అని బందులు విప్పబోతూ, ఎందుకో ఎడమ చేత్తో ఆ తలుపు తెరిచి చూశాను. ఎంత హాయిగా తెరుచుకుందనుకున్నావు! తలుపు అటు తప్పుకుంది, చెయ్యి నేరుగా లోపలికెళ్ళింది, ఎక్కడా తగల్లేదు.

తలుపు సరిచేసి, బందుల పాత రంధ్రాల్లో చెక్క పూడ్చి ఇంటికొచ్చాను. మన వంటింట్లో మన పెళ్ళైన ఏడాది నీకు నేను చేసిచ్చిన అద్దాల బీరువా లేదూ, దాన్ని ఎడమ చేత్తో తెరిచాను. పిడి అందుకోవడానికి చెయ్యి అడ్డంగా చాపాల్సి వచ్చింది. తెరిచిన తలుపు నా చేతి పక్కకే వచ్చి నిలబడింది. గిన్నె తీద్దామని చెయ్యి పెడితే మణికట్టు తలుపు వెనక బీడింగుకి రాసుకుంది. సరిగ్గా అక్కడే ఆ గీతలున్నాయి, నీ గాజుల గీతలు.

ఆ గీతల కోసం నిన్ను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. "కాస్త చూసుకుని తియ్యలేవా? పనిమంతుడి ఇంట్లో ఇలాంటి తలుపు ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?" అని విసుక్కుంటూ మూడుసార్లు పాలిష్ కొట్టాను. పాలిష్ ఆరకముందే నువ్వు మళ్ళీ గీకావని ఒకసారి అన్నం ముందు నుంచి లేచిపోయాను కూడా. తప్పు నీ గాజులది కాదు, నా బందులది. ఎవరింటికెళ్ళినా ఇల్లాలి ఎత్తెంత, ఏ చేతివాటం అని అడిగి మరీ తలుపు చేస్తాను. ఇరవై రెండేళ్ళు నా ఎదురుగా తిరిగిన మనిషిని మాత్రం అడగలేదు. నువ్వైనా చెప్పొద్దా? చెబితే వినేవాణ్ణా, అదీ నిజమే.

ఇంకోటి తట్టడానికి మాత్రం ఇన్ని రోజులు పట్టింది. ఈ వీధిలో నిన్ను ఎవరూ సిస్టరమ్మ అనలేదు. ఎంతమందికి సూదులు వేశావు, ఎంతమందికి కట్లు కట్టావు! అయినా "వడ్రంగి గారి భార్య" అనే అన్నారు. నువ్వు ఏనాడూ చెవులు వేడెక్కాయని చెప్పలేదు. నేను ఒక్కసారి ఒక్క మాట విని ఏడు వారాలు ఇంట్లో దాక్కున్నాను.

ఇక్కడ ఒంటరిగా ఉందే. పనుంటే ఎలాగో గడుస్తోంది, రంపం ఆగిందంటే ఇల్లంతా ఒక్కసారిగా మీద పడుతోంది. కుర్చీ జరిపితే ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడుతున్నాను. ఆ గీతల మీద ఈసారి పాలిష్ కొట్టలేదు. రోజూ ఒకసారి వేలితో తడిమి వస్తున్నాను.

నీ క్వార్టర్సు వంటగదిలో గోడ గూటికి తలుపుల్లేక చీర ముక్క తెరగా కట్టానని రాశావు. దానికి అద్దాల తలుపు చేద్దామని చెక్క కోసి, చిత్రిక పట్టి ఉంచాను. అద్దం ఒక్కగీత దగ్గర చెప్పాను. "కొలత ఏదయ్యా?" అన్నాడు. అందుకని గూడు పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలిచి రాయి, గోడలు నిక్కచ్చిగా ఉండవు, టేపు లేకపోతే దారంతో కొలిచి ముడేసి పంపు...

వద్దులే. కొలవకు. ఇంకొకరి కొలత మీద నేనెప్పుడూ తలుపు చెయ్యలేదు, ఇప్పుడు మొదలుపెట్టను. నా కొట్టు తాళం ఒక్కగీతకి ఇచ్చేస్తున్నాను. ఉలులు, రంపం, మూలమట్టం సంచీలో సర్దేశాను, ఆ సంచీ నేనే మోసుకొస్తాను. ఆ ఊళ్ళో మాత్రం జనం తలుపులు లేకుండా ఉంటారా? ఆదివారం పొద్దున దిగుతాను. నీకు డ్యూటీ ఉంటే సెలవు పెట్టకు, గేటు దాకా పరిగెత్తి రాకు. వాచ్‌మన్ ఆపితే ఏం చెప్పాలో నాకు తెలుసు.

ఇట్లు,
సిస్టరమ్మ గారి మొగుడు