నాయినకు చూపించాల్సిన రాళ్లు

మార్చి 9, సోమవారం

మే నెలలో పదిహేను రోజుల సెలవు దొరికింది. "ఫ్రాన్సా? ఎవరితో?" అన్నాడు మేనేజర్. మా నాయినతో అన్నాను.

కొండాపూర్ నుంచి ఇంటికొస్తూ బస్సులోనే మ్యాప్ తెరిచాను. పారిస్. రైల్లో ఓ గంట పోతే షార్త్ర్, అక్కడి పెద్ద చర్చి. తర్వాత స్పీడ్ రైలెక్కి లియోన్. అది దాటాక ఓ చిన్న ఊళ్లో కారు తీసుకుని కొండల్లోకి... మొనదేలిన రాతి మీద నిలబెట్టిన గుడి ఒకటుంది. ఇంకా కిందికి దిగితే రోమన్లు కట్టిన నీళ్ల వంతెన. ముప్పై ఏళ్లు ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు కొట్టిన మనిషిని అక్కడ నిలబెట్టాలి. వేలితో దారి గీస్తూ దిగాల్సిన స్టాప్ దాటిపోయాను.

మార్చి 10

కంటి డాక్టరమ్మ అన్నది రాసి పెట్టుకుంటున్నాను, లేకపోతే అనలేదనుకుంటాను. నాయిన కుడి కన్ను ఎప్పుడో రాతి పలుకు తగిలి పోయింది. ఇప్పుడు ఎడమ కంట్లో నీటికాసులు. "పోయిన చూపు రాదమ్మా. ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. చూపించాలనుకున్నవి ఈ ఏడాదే చూపించు."

నాయిన బయట బెంచీ మీద ఉన్నాడు. చుక్కల మందు మార్చారని మాత్రం చెప్పాను. భయంగా ఉంది.

మార్చి 14

ల్యాప్‌టాప్‌లో షార్త్ర్ ఫొటోలు పెట్టాను. నాయిన ముఖం స్క్రీన్‌కు జానెడు దూరంలో.

"ఎవరు గొట్టిండ్రు?"

ఎనిమిది వందల ఏళ్ల కిందటిది అన్నాను. గోడ దగ్గర పెద్దగా చెయ్యమన్నాడు. ఇంకా, ఇంకా.

"గీడ ఇద్దరు పనోళ్లు బిడ్డా. ఒకడు ఎడమచేతోడు. గాటు ఎటు వాలిందో సూడు."

చూశాను. నిజమే, పక్కపక్క రాళ్ల మీద ఉలిగాట్లు ఎదురెదురుగా వాలి ఉన్నాయి. ఎన్నడో మట్టిలో కలిసిన మనిషి ఏ చేతివాటం వాడో ఒంటికన్నుతో, అదీ మసకగా చూసి చెప్పాడు! నేను ఇంజినీరింగ్ చదివాను. నాకు గోడ మాత్రమే కనిపించింది.

వంటింట్లోంచి అమ్మ: "రాళ్లు సూడనీకి ఇమానం ఎక్కాల్నా? ఖాజాగూడల తక్కువున్నయా?"

"మనయి పలగ్గొట్టినం. ఆళ్లు నిలబెట్టిండ్రు," అన్నాడు నాయిన.

అమ్మ చాయ్ తెచ్చి, తనూ వంగి చూసింది. రమ్మంటే మాత్రం మోకాళ్లు చూపించింది.

మార్చి 17

ఆఫీసులో మా టీమ్ సింధు ఒకసారి పారిస్ వెళ్లొచ్చింది. నా ప్లాన్ చూసి, "ఆ టవర్ ఎక్కకుండా వచ్చేస్తావా? పిచ్చా నీకు!" అంది. ఇనుముతో మా నాయినకు పనేం లేదే తల్లీ అన్నాను. అయినా సింధు ముఖం చూసి దానికి ఒక పూట కేటాయించాను.

మార్చి 24

అక్కడి కార్లకు ఎడమ వైపు స్టీరింగ్, కుడి చేత్తో గేర్, రోడ్డుకు కుడి పక్కన పోవాలి. నార్సింగి జంక్షన్‌లోనే చెమటలు పట్టే దాన్ని, కొండ మలుపుల్లో ఏం చేస్తానో...

మార్చి 28

నీళ్ల వంతెన వీడియో చూశాం.

"నడుమ సున్నం వెట్టిండ్రా?" అన్నాడు నాయిన. లేదు అన్నాను. "సీసం వోసిండ్రా?" అదీ లేదు, అక్కడి పెద్ద రాళ్లు ఉత్తగా ఒకదాని మీదొకటి పేర్చినవేనట.

అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఏం మనుషులో గదా!" అని రెండు చేతులూ జోడించాడు. నాక్కూడా దండం పెట్టాలనిపించింది. వంతెనకా, నాయినకా, తెలియలేదు.

మార్చి 31

ఘనకార్యం చేశాను. విమానం, రైళ్లు, కారు, అన్నీ బుక్ చేసి అన్నాల దగ్గర గొప్పగా చెప్పాను... మే పదహారు, శనివారం బయల్దేరతాం అని. నాయిన చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఆ రోజు అమాస గద బిడ్డా."

రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టి మర్చిపోయాను! అమావాస్య నాడు ఉలి ముట్టరు, ప్రయాణం కట్టరు. నా చిన్నప్పుడు నాయిన పగలంతా ఇంట్లో ఉండేది నెలకు ఆ ఒక్కరోజే. ఆఫీసు క్యాలెండర్ చూసి చూసి ఆ లెక్కే పోయింది నాకు. "గిట్ల జేస్తవేందే," అని అమ్మ ఒకటే నవ్వు.

ఏప్రిల్ 1

అన్నీ ఒక్కో రోజు జరిపితే కారు తీసుకోవాల్సింది ఆదివారం వచ్చి పడింది. లియోన్ దాటాక కారు తీసుకునే చిన్న ఊళ్లో ఆదివారం కార్ల ఆఫీసు తీయరట. సోమవారం వాళ్లకేదో పండుగ సెలవు. తల పట్టుకున్నాను.

దారి తిరగేశాను. లియోన్ నుంచి ముందు రైల్లో అవిన్యోన్. స్టేషన్ దగ్గర కారు ఆదివారమూ ఇస్తారు. ముందు వంతెన, తర్వాత కొండ మీది గుడి. ఇదే బాగుంది నిజానికి. గుడి మెట్లెక్కే ముందు నాయినకు కాస్త విశ్రాంతి.

ఏప్రిల్ 9

వీసా ఆఫీసు. నాయిన ఇస్త్రీ చొక్కా. వేలిముద్రల మిషన్ మీద నాలుగు వేళ్లు పెట్టాడు... ఎర్ర లైటు. తుడిచి పెట్టాడు, ఎర్ర లైటు. బొటనవేళ్లూ అంతే, రాళ్లు కొట్టీ కొట్టీ గీతలే అరిగిపోయాయి. కౌంటర్ అమ్మాయి విసుక్కోలేదు, "ఇంకొక్కసారండీ అంకుల్," అంటూనే ఉంది.

"నా ఏలిముద్రలు గచ్చిబౌలి బిల్డింగుల కింద ఉన్నయమ్మా. పోయి తెచ్చుకోండ్రి," అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వింది, ఏదో రాసుకుంది, లోపల్నుంచి ఇంకొకాయన్ని పిలిచింది. ఆయన నాయిన అరచేతులు తిప్పి చూసి, "పైకి రాసి పంపుతామమ్మా, నిర్ణయం వాళ్లది," అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఏప్రిల్ 15

పాస్‌పోర్టులు రాలేదు.

ఏప్రిల్ 19, ఆదివారం

పొద్దున బాల్కనీలో నాయిన పక్కన కూర్చుని రైలు టైములు చదువుతున్నాను. మధ్యలో ఆపాడు.

"ఆడ రాళ్లను ముట్టనిస్తరా బిడ్డా?"

ఎందుకన్నాను.

"మనం పోయేటాల్లకు సూపుంటే సూస్త. లేకుంటే చేతుల్తోనన్న సూస్త గద."

నీకెవరు చెప్పారు నాయినా అంటే, "నా కన్ను నాకు దెల్వదా?" అన్నాడు మామూలుగా. నలభై రోజులుగా దాచానని నేననుకుంటున్నది ఆయనకు ముందే తెలుసు. లోపలికొచ్చి ఏడ్చాను.

షార్త్ర్ చర్చి వాళ్లకు మెయిల్ పెట్టాను. మా నాయిన రాతి పనివాడు, మీ గోడను ఒక్కసారి తడమనిస్తారా అని. పంపాక మళ్లీ చదువుకుంటే ఇంగ్లీషు నిండా తప్పులే. ఇంకా జవాబు లేదు, పాస్‌పోర్టులూ రాలేదు.

నాయిన బాల్కనీలో గోళ్లు తీసుకుంటున్నాడు, రాయి తడిమేటప్పుడు గోరు అడ్డం రావద్దట.