ఎడమ పక్క సైకిల్

15 జూన్ 2003, ఆదివారం
బండికి ఎడమ తలుపు మీద మూడో గీత. కొని నెల కాలేదు. సెకండ్ హ్యాండే, ఏసీ గాలి వెనక్కి రాదు, క్లచ్ రాయిలా ఉంటుంది. అయినా ఎనిమిది సీట్లు! స్కూటర్ మీద స్వాతిని నిలబెట్టి తిరిగిన మాకు ఇదే విమానం. "ఎవడో స్కూటర్ వాడు రాసుకుని పోయుంటాడు" అంటారు ఈయన. దిష్టి అంటాను నేను. బూడిద గుమ్మడికాయ తిప్పి వీధిలో పగలగొట్టాను. ముందు బంపర్‌కి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టాను.

20 జూన్
బండి నిండా పిల్లలే. స్కూలు, ఈయన ఫ్యాక్టరీ రెండూ మేడ్చల్‌లోనే. నేను పాఠాలు చెప్పేదీ ఆ స్కూల్లోనే, రెండో తరగతి. మా స్వాతి, పక్కింటి పద్మగారి పిల్లలిద్దరు, వెనక వీధి వాళ్ళు ఇద్దరు. కండ్లకోయ దగ్గర మెకానిక్ యాదగిరి కూతురు మౌనిక ఎక్కుతుంది. ఖాళీ సీట్లతో తిరగడం పాపమట ఈయనకి. పొద్దున్నే ఈలపాట. పెళ్ళయ్యాక ఇంత హుషారు చూడలేదు.

28 జూన్, శనివారం
నాలుగో గీత. ఈసారి సొట్ట కూడా. స్కూలు నుంచి వస్తూ షెడ్డు దగ్గర ఆగాం. ఈయన టీ తాగడానికి వెళ్ళగానే యాదగిరి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒక్క మాట జెప్త, సార్‌తోని అనకు. గీతలన్ని ఎడమ దిక్కే వడ్డయ్. కుడి దిక్కు జూడు, సక్కగున్నది. గుద్దెటోళ్ళు ఒక్క దిక్కే గుద్దుతరా?"
నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఆ నవ్వు రావడం మానేసింది.

30 జూన్
షెడ్డు దగ్గర మౌనిక లేదు. "జరమమ్మా దానికి." యాదగిరి నా మొహం చూడలేదు.

2 జూలై
జ్వరం లేదు, ఏం లేదు. మౌనిక బస్టాపులో సంచీ తగిలించుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. ఈయన ఊపలేదు. ఆ పిల్ల ఎడమ పక్క ఉంది.

3 జూలై
డాష్‌బోర్డ్ అరలో, బండి కాగితాల కింద — చుక్కల మందు, కళ్ళ డాక్టరు చీటీ. కంటికొకటి చొప్పున రెండు గుండ్రాలు గీశారు. ఎడమ గుండ్రం దాదాపు అంతా నలుపు. తారీఖు చూశాను. బండి కొనకముందుది.

4 జూలై
అడిగాను. పాత చీటీ అన్నారు. తర్వాత ఒక కన్ను బాగానే ఉందిగా అన్నారు. తర్వాత చీటీ మడుస్తూ చెప్పారు.
"మా నాన్నకి యాభై ఏళ్ళకే కళ్ళు పోయాయి. అరుగు మీద కూర్చోబెట్టేవాళ్ళం. అన్నం కలిపి పెడితే తినేవాడు. పక్కన కూర్చుని ఈగలు తోలడం నా పని."
నన్ను తిట్టినా బాగుండేది, నాలుగు అనేదాన్ని.

6 జూలై
పద్మగారితో చెప్పేద్దామని వెళ్ళాను. నోరు తెరిచేలోపే, "మీ వారి చేతిలో పెడితే పిల్లల బెంగే లేదండీ" అంది. ఇడ్లీ పిండి అరువడిగి వచ్చేశాను. ఇంట్లో పిండి గిన్నెడు ఉంది.

8 జూలై
ఉపాయం నేనే కనిపెట్టాను. ముందు సీట్లో కూర్చునేది నేనేగా. ఎడమ పక్క సైకిల్. ఎడమ పక్క ఆటో. మెల్లగా అంటాను, మాట్లాడుతున్నట్టే. ఈయన స్టీరింగ్ కాస్త తిప్పుతారు. ఇద్దరం ఆ సంగతి ఎత్తం.

13 జూలై, ఆదివారం
అందరం శామీర్‌పేట చెరువుకి. పులిహోర, జామకాయలు. పిల్లలు నా మాటలు పట్టేశారు — "అంకుల్, ఎడమ పక్క గేదె!" "అంకుల్, ఎడమ పక్క తాతయ్య!" అరుపులే అరుపులు. పద్మగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఈయనా నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా బతుకు. బాగా గడిచిందని కూడా రాయాలి. నిజంగానే బాగా గడిచింది.

16 జూలై
యాదగిరిని నిలదీశాను, నీ కూతుర్ని మాన్పించి ఊరుకున్నావేం అని. "నా బిడ్డ సంగతి నేను జూస్కున్న. ఊరోళ్ళ పోరగాండ్లకు నేనేమని జెప్పాలె? ఇంట్ల ఉండేటిదానివి, నువ్వే జెప్తలేవు."


22 జూలై
జ్వరం. నూట రెండు. రేపు వెళ్ళలేను. బండి వద్దు, పిల్లల్ని బస్సెక్కించండి అన్నాను. "ఊరికే కంగారు పడకు."

23 జూలై
సాయంత్రం స్వాతి వచ్చి మంచం పక్కన కూర్చుంది. బూట్లు విప్పలేదు. "ముందు నేనే కూర్చున్నానమ్మా. సుచిత్ర సర్కిల్, కొంపల్లి... ఎడమ పక్కవన్నీ చెప్పా. కండ్లకోయలో కాలేజీ బస్సుల దగ్గర పద్మ ఆంటీ వాళ్ళ బబ్లూ పిలిస్తే వెనక్కి తిరిగా. అప్పుడే టప్ మంది."
ఏం తగిలింది?
"తెలీదు. నాన్న ఆపలేదు."
బయటికెళ్ళి చూశాను. ఎడమ అద్దం లేదు.

24 జూలై
జ్వరంతోనే బస్సెక్కి కండ్లకోయలో దిగాను. రోడ్డు వార గాజు పెంకులు. టీ బండి ఆవిడని అడిగాను. "ఎవలో ముసలాయనమ్మా. మోచెయ్యికి తాకింది. లేశి, బట్టలు దులుపుకొని పొయ్యిండు. నంబరు ఎవలు జూడలె."
నాకు ముందు కలిగింది ఊరట. ఆయన లేచి నడిచాడని కాదు. నంబరు చూడలేదని. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.
ఈయనకి చెప్పాను. అన్నం ముందు కూర్చుని విన్నారు. చెయ్యి కడిగేసుకున్నారు. "రేపట్నుంచి నువ్వొస్తావుగా."

25 జూలై, శుక్రవారం
స్టాఫ్ రూములో రాస్తున్నాను. పొద్దున వద్దని గట్టిగా చెప్పాలనే బయటికి వచ్చాను. అప్పటికే పిల్లలు ఎక్కేశారు. పద్మగారు గేటు దగ్గర చెయ్యి ఊపుతోంది. ముందు సీట్లో స్వాతి. వీపు నిటారుగా పెట్టి, ముందు అద్దంలోంచి ఎదురుగా చూస్తోంది. జరగమన్నాను. జరగలేదు. నా వైపు కూడా తిరగలేదు.
"నువ్వు వెనక కూర్చో అమ్మా. నేనింక తల తిప్పను."
పదకొండేళ్ళు దానికి.
ఈయన ముందుకే చూస్తున్నారు. ఎక్కాను. నాలుగున్నరకి మళ్ళీ వస్తారు.